"నువ్వు కాల్‌లో ఉంటావు కదా నాన్నా"

ప్రశ్న: నా వయసు 37. ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. ఏడాదిన్నర కిందట ప్రమోషన్ వచ్చింది, ఇరవై మంది టీమ్ నా చేతికొచ్చింది. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. శనివారం కూడా సగం పూట పని ఉంటుంది. నా భార్యదీ ఉద్యోగమే. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు రెండున్నర. ఇంట్లో నాకు చేతనైనంత సాయం చేస్తూనే ఉన్నాను. ఆదివారమంతా పిల్లలకే ఇస్తాను. అయినా వాళ్లు ప్రతిదానికీ వాళ్లమ్మ దగ్గరికే పరిగెడతారు. నాకు చిరాకొచ్చి అరుస్తాను, తర్వాత బాధపడతాను. తల్లికి వచ్చినట్టు ఈ పనులు మగవాళ్లకు రావు కదా అని సరిపెట్టుకుంటాను. పోయినవారం పాప స్కూల్ కాగితం మీద సంతకం కోసం వాళ్లమ్మ స్నానం చేసి వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. "నన్నడగొచ్చుగా" అంటే, "నువ్వు కాల్‌లో ఉంటావు కదా నాన్నా" అంది. ఆ టైమ్‌లో నేను కాల్‌లో లేను. అప్పట్నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. నా భార్య ఈ మధ్య గొడవపడటం కూడా మానేసింది. ఈ ఒక్క ఏడాది గడిస్తే సర్దుకుంటుందని ప్రమోషన్ వచ్చినప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. బాధ్యత తక్కువున్న ఉద్యోగానికి మారిపోవాలా? లోన్లున్నాయి. పెద్దయ్యాక పిల్లలే అర్థం చేసుకుంటారని ఊరుకోవాలా?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ పాప దగ్గరే మనసు ఆగిపోయింది. రెండోసారి మీరు వాడిన ఒక మాట దగ్గర ఆగాను. "ఇంట్లో చేతనైనంత సాయం చేస్తున్నాను" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, సందేహం లేదు. కానీ మీ చిక్కు అంతా ఆ మాటలోనే ఉందని నాకనిపిస్తోంది.

సాయం చేస్తున్నామంటే ఆ పని ఇంకొకరిదని అర్థం. మనం వచ్చి చెయ్యి వేస్తాం, అయిపోగానే పక్కకు తప్పుకుంటాం. ఏం చేయాలో ఎవరో చెప్పాలి, ఎప్పుడు చేయాలో గుర్తుచేయాలి. పాప బూట్లు బిగుతయ్యాయని ఎవరో ఒకరు గమనించాలి. బాబుకు టీకా ఎప్పుడో, స్కూల్లో ఏ కాగితం ఏ రోజుకు ఇవ్వాలో, ఏ స్నేహితురాలితో పాప మాట్లాడటం మానేసిందో ఎవరో ఒకరి బుర్రలో ఉండాలి. అవన్నీ మీ ఆవిడ బుర్రలో ఉన్నాయి. ఆవిడ కూడా మీలాగే ఉద్యోగం చేసి వస్తున్నారు. మీరు గిన్నెలు కడిగిన రోజు గిన్నెల బరువు తగ్గుతుంది, గుర్తుపెట్టుకునే బరువు అలాగే ఉంటుంది.

పిల్లలకు ఇది మనం చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. ఏ పని ఎవరి చేతిలో ఉందో చూసి వాళ్ల దగ్గరికే వెళ్తారు. పాప మీ మీద అలిగి తలుపు దగ్గర నిలబడలేదు. ఆ సంతకం అమ్మ శాఖ కాబట్టి అమ్మ కోసం చూసింది. మీ మీద ప్రేమ లేదనుకోకండి. ఆ ఒక్క భయం ముందు పక్కన పెట్టండి.

ఇక ఆమె అన్న మాట. ఆ టైమ్‌లో మీరు కాల్‌లో లేరు. అయినా ఉన్నారనుకుంది. అంటే కాల్‌లో ఉన్న మీ ముఖానికీ, లేని మీ ముఖానికీ ఆ బిడ్డకు తేడా తెలియడం లేదన్నమాట. నాకు అన్నిటికన్నా దిగులు కలిగించింది ఇదే. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశారు. నెలల బిడ్డతో తల్లి మామూలుగా ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి కొద్ది నిమిషాలపాటు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోవాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది. ఏం చేసినా తల్లి ముఖం కదలకపోతే చివరికి తల పక్కకు తిప్పేసుకుంటుంది. మీ పాప నెలల బిడ్డ కాదు, మీరు రాతిముఖం పెట్టుకుని కూర్చునే మనిషీ కాదు. అయినా ఆమె కొన్నాళ్లు పిలిచి చూసి, తర్వాత పిలవడం మానేసిందేమో ఆలోచించండి. ఆమె గొంతులో కోపం లేదు కదా, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది. మీకు నిద్ర పట్టనిది బహుశా అందుకే.

అదే ట్రోనిక్ పరిశోధనల్లో రెండో సగం కూడా ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. ప్రేమగా సాగే ఇళ్లల్లో కూడా తల్లీబిడ్డల తీరు ఎప్పుడూ ఒకదానికొకటి అతికినట్టు ఉండదని, తప్పిపోయిన ప్రతిసారీ మళ్లీ కలుపుకోవడంలోనే బిడ్డకు నమ్మకం కుదురుతుందని ఆయన గమనించారు. ఎనిమిదేళ్ల వయసు కలుపుకోవడానికి చాలా మంచి వయసు. ఆమె ఇంకా మిమ్మల్ని గమనిస్తూనే ఉంది, గమనించకపోతే మీరు కాల్‌లో ఉంటారన్న సంగతి ఆమెకెలా తెలుస్తుంది?

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న, ఉద్యోగం మారాలా అని. ఇవాళే మారకండి. మూడు నెలలు ఆగండి. తేలికైన ఉద్యోగానికి మారి కూడా, ఇంట్లో పాత మనిషిగానే మిగిలిపోయిన వాళ్లను నేను చూశాను. ఖాళీ దొరికింది కానీ ఆ ఖాళీలో పిల్లలతో ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. జీతం తగ్గిన టెన్షన్ అదనంగా వచ్చింది. ముందు ఇంట్లో మీ చోటు మీరు సంపాదించుకోండి. దానికి ఎంత టైమ్ కావాలో అప్పుడు మీకే తెలుస్తుంది, ఈ ఉద్యోగం ఆ టైమ్ ఇస్తుందో లేదో కూడా తేలిపోతుంది.

ఆ చోటు ఎలా దొరుకుతుందంటే, పిల్లల రోజులో ఒక ముక్కను మొత్తంగా మీ చేతుల్లోకి తీసుకోవడం ద్వారా. నన్నడిగితే పొద్దుటి పూట తీసుకోమంటాను. సాయంత్రాలు ఇప్పుడు మీ చేతిలో లేవు, క్లయింట్లూ డెడ్‌లైన్లూ లాక్కుపోతాయి. తొమ్మిదింటి దాకా మాత్రం మీరు ఇంట్లోనే ఉంటున్నారు. పాపను నిద్ర లేపడం దగ్గర్నుంచి స్కూల్ గేటు దాకా మీదే. లేపడం, తయారు చేయడం, తల దువ్వి జడ వేయడం, ఏదో ఒకటి తినిపించడం, బ్యాగు సర్దించడం, డైరీ చూసి సంతకం పెట్టడం. అవును, ఆ సంతకం కూడా. టీచరు ఫోన్ చేస్తే మీకే రావాలి, ఆ నంబరు మార్పించండి. పాపకు తెల్ల బూట్లు ఏ రోజు కావాలో మీ ఆవిడను అడగకూడదు. మీకే తెలియాలి, తెలియకపోతే పాపను అడగండి. ఆమె చాలా సంతోషంగా చెబుతుంది.

మొదట్లో తప్పులు జరుగుతాయి. జడ వంకరగా వస్తుంది, ఒకరోజు నీళ్ల సీసా ఇంట్లోనే ఉండిపోతుంది. ఇక్కడ మీ ఆవిడతో ముందే ఒక మాట అనుకోవాలి. ఆ పూట ఆవిడ అందుకోకూడదు, సరిదిద్దకూడదు. ఇది ఆవిడకూ కష్టమే. ఏళ్ల తరబడి తానే చూసుకున్న పనిలో ఇంకొకరు తడబడుతుంటే ఊరుకోవడం ఎవరికైనా కష్టం. సీసా మర్చిపోయిన రోజు ఆ సీసా తీసుకుని స్కూలుకు పరిగెత్తేది మీరే అయి ఉండాలి. ఒక్కసారి పరిగెత్తితే ఇంకెప్పుడూ మర్చిపోరు.

"తల్లికి వచ్చినట్టు మగవాళ్లకు రావు కదా" అన్నారు. చేసేవాళ్లకు వస్తాయి, చేయనివాళ్లకు రావు. దీనికి శరీరం కూడా సాక్ష్యం చెబుతుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో 624 మంది యువకులను కొన్నేళ్లపాటు గమనించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తండ్రులైన వారిలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ మిగతావారిలో కన్నా ఎక్కువగా తగ్గింది. ఆ తండ్రుల్లో కూడా రోజుకు మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ సేపు బిడ్డను చూసుకునేవారిలో ఆ హార్మోన్ ఇంకా తక్కువగా ఉంది. బిడ్డను ఎత్తుకుని, కడిగి, జోకొట్టే పనికి తండ్రి ఒళ్లు కూడా తనను తాను సర్దుకుంటుందన్నమాట. బాబుకు రెండున్నరే కాబట్టి ఇది మీకు ఇంకా తేలిక. వారంలో రెండు రాత్రులు వాణ్ని నిద్రపుచ్చే పని మీరే తీసుకోండి. వాడు మొదట రెండు రాత్రులు అమ్మ కోసం ఏడుస్తాడు. ఆ ఏడుపు విని వాణ్ని తీసుకెళ్లి అమ్మకిచ్చేస్తే, నాన్న దగ్గర నిద్రపోనక్కర్లేదని వాడికి మీరే నేర్పినట్టవుతుంది. ఎత్తుకుని నడవండి, ఏదో ఒకటి చెబుతూ ఉండండి. మూడో రాత్రికో నాలుగో రాత్రికో భుజం మీద తల బరువెక్కుతుంది. ఆ బరువు ఎలా ఉంటుందో ఉత్తరంలో రాసి చెప్పలేను.

ఆదివారం గురించి. వారమంతా లేని లోటు ఆదివారం తీర్చేద్దామనుకుంటున్నారు. అందుకే ఆ రోజు మీ ఆశ పెద్దది, పిల్లలు అమ్మ వైపు వెళ్లగానే వచ్చే చిరాకూ పెద్దది. పిల్లలు మనం కేటాయించిన టైమ్‌కు మనసు విప్పరు. ఎనిమిదేళ్ల పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పమ్మా, స్కూల్ ఎలా ఉంది" అంటే "బావుంది" అని ఊరుకుంటుంది. మీరు వెనక కూర్చుని జడ వేస్తున్నప్పుడు, మీ కళ్లు తన కళ్లల్లోకి చూడనప్పుడు, "నాన్నా, ఆ అమ్మాయి నిన్న నాతో కూర్చోలేదు" అంటుంది. పొద్దుటి పూట తీసుకోమని పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. ఆదివారానికి పెద్ద ప్లాన్లు వద్దు. ఇంట్లో ఉన్న పనిలోనే వాళ్లను కలుపుకోండి. విరిగిన బొమ్మ బాగుచేయడమో, ఉతికిన బట్టలు మడతపెట్టడమో చాలు.

ఇంకో సంగతి నా అనుభవంలోంచి చెబుతాను. మా చిన్నవాడికి మూడేళ్లప్పుడు నేనూ ఇలాగే పనిలో మునిగి ఉండేవాణ్ని. వాడేమడిగినా "రేపు" అనేవాణ్ని. ఒకరోజు వాళ్లమ్మ వాడికి ఏదో వద్దని చెబుతుంటే, వాడు తల ఊపి "రేపా?" అన్నాడు. వాడి భాషలో రేపు అంటే లేదు అని అర్థం. అది నేను నేర్పిన అర్థమే. ఆ రోజు నుంచి చేయగలిగినంతే చెప్పడం మొదలుపెట్టాను. "ఇప్పుడు పది నిమిషాలు ఆడదాం, తర్వాత నాకు పని ఉంది" అనేవాణ్ని. పది నిమిషాలు నిజంగా ఆడేవాణ్ని. వాడి నమ్మకం తిరిగి రావడానికి నెలలు పట్టింది. మీరూ చిన్న మాటలే ఇవ్వండి, ఇచ్చినవి తప్పకండి. ఇంట్లో పని చేయక తప్పని రోజున, గడియారం చూపించి "పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా నాకు పని, తర్వాత వస్తాను" అని పాపకు చెప్పండి. ముల్లు ఆరు మీదికి రాగానే లేచి వెళ్లండి, పని సగంలో ఉన్నా సరే.

కాల్ ముఖం మాట మళ్లీ ఎత్తుతున్నాను. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక విషయం చూపించారు. ఒక పని ముగియకుండా ఇంకో పనిలోకి వెళ్తే, మన ధ్యాసలో కొంత ముక్క పాత పని దగ్గరే అతుక్కుని ఉంటుంది. మీ ఒళ్లు ఇంటికొస్తోంది, ఆ ముక్క ఆఫీసులోనే ఉంటోంది. వదిలేసిన పని ఎక్కడ ఆగిందో, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు చేయాల్సింది ఏమిటో రాసిపెట్టుకుంటే ఆ అతుకు సడలుతుందని కూడా ఆవిడ తర్వాతి పరిశోధనలో తేలింది. ఆఫీసులోంచి లేచే ముందు ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. ఇంట్లో ఫోన్‌కు ఒక చోటు పెట్టండి. ఫోన్ అక్కడ ఉంటే నాన్న ఖాళీ, చేతిలో ఉంటే నాన్నకు పని. ఈ ఒక్క గుర్తు పాపకు చెప్పండి. గుర్తు ఉంటే అడగొచ్చో లేదో ఆమె ఊహించుకోనక్కర్లేదు.

ఆఫీసు సంగతికొస్తే, మీ లెక్క ప్రకారం రాకపోకలతో కలిపి వారానికి అరవై గంటల పైమాటే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే స్ట్రోక్ ముప్పు 35 శాతం, గుండెకు రక్తం సరిగా అందక వచ్చే జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ప్రకటించాయి. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. "ఈ ఒక్క ఏడాది" అని రెండోసారి అనుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇరవై మంది టీమ్ ఉన్నచోట పని దానంతట అది తగ్గిపోయే ఏడాది ఏదీ రాదు.

వారంలో రెండు సాయంత్రాలు ఆరున్నరకు బయల్దేరాలి. దీన్ని రోజూ అడిగి తెచ్చుకునే పర్మిషన్‌లా చూడకండి, ఆ పద్ధతి నిలబడదు. జపాన్ చట్టం తండ్రికి బిడ్డ పుట్టాక ఏడాది దాకా సెలవు తీసుకునే హక్కు ఇస్తుంది. అయినా 2019లో ఆ సెలవు తీసుకున్న తండ్రులు నూటికి ఎనిమిది మంది కూడా లేరు. పై అధికారి ఏమనుకుంటాడో, తోటివారి మీద భారం పడుతుందేమో అన్న జంకు చాలామందిని వెనక్కి లాగింది. స్వీడన్‌లో 1974 నుంచే తల్లిదండ్రులిద్దరికీ సెలవు ఉన్నా, వాడుకున్న తండ్రులు చాలాకాలం కొద్దిమందే. 1995లో ఒక నెలను తండ్రికే కేటాయించి, ఆయన వాడకపోతే ఆ నెల పోతుందని నిబంధన పెట్టాక తీసుకునేవారు ఒక్కసారిగా పెరిగారు. అడగడానికి మీరు పడే మొహమాటం మీ ఒక్కరి బలహీనత కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. అందుకే ముందే ఖాయమైన ఏర్పాటు చేసుకోండి. పై అధికారి దగ్గరికి ఇంటి కష్టాల కథతో వెళ్లకండి. "మంగళ, గురువారాలు నేను ఆరున్నరకు వెళ్తాను, ఆ తర్వాత అత్యవసరమైతే ఫలానావారు చూస్తారు, ఈ మూడు నెలల్లో ఈ పనులు ఈ తేదీలకు పూర్తవుతాయి" అని కాగితం మీద పెట్టండి. ఏది అత్యవసరమో కూడా అందులో రాయండి, లేకపోతే ప్రతిదీ అత్యవసరమే అవుతుంది.

మీ కింద ఉన్న ఇరవై మందిలోనూ అమ్మలూ నాన్నలూ ఉంటారు. రాత్రి పదింటికి మీరు పెట్టే మెసేజ్‌కు వాళ్లు జవాబిస్తున్నారంటే, అక్కడ కూడా ఏదో ఒక పిల్ల ఎదురుచూస్తోందని అర్థం. షిఫ్టుల్లో పనిచేసేవారికి, రోజుకూలీలకు తమ గంటల మీద హక్కు ఉండదు. మీకు కొంతైనా ఉంది, ఇరవై మంది గంటల మీద కూడా ఉంది. దాన్ని వాడండి.

మూడు నెలల్లో ఆ రెండు సాయంత్రాలు కూడా దక్కకపోతే, ఈ ఉద్యోగం గురించి మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కోండి. లోన్ల లెక్క, చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు సరిపోతుంది, జీతం ఎంత దాకా తగ్గినా నెట్టుకురాగలరు, ఇవన్నీ మీ ఆవిడతో కూర్చుని కాగితం మీద వేసుకున్నాకే మారండి. ఒంటరిగా నిర్ణయించి తర్వాత చెప్పకండి.

ఆవిడ విషయంలో నాకు కంగారుగా ఉంది. "గొడవపడటం కూడా మానేసింది" అన్నారు. గొడవపడే మనిషి మీ నుంచి ఇంకా ఏదో ఆశిస్తున్నట్టు. ఊరుకున్న మనిషి, మీరు లేరనే లెక్కతో ఇల్లు సర్దుకుంటున్నట్టు. పాప చేసిందీ అదే కదా. ఈ వారమే మాట్లాడండి. "నీకోసమే, పిల్లల కోసమే కష్టపడుతున్నాను" అని మొదలుపెట్టకండి, అది నిజమే అయినా. "ఇన్నాళ్లూ నీ మీదే వదిలేశాను, తప్పు జరిగింది" అని ఆగిపోండి. కారణాలు జోడించకండి. ఆవిడ ఏదైనా గట్టిగా అంటే అననివ్వండి. తర్వాత పొద్దుటి పూట నేను తీసుకోనా అని అడగండి. ఆవిడకు వేరే పని వదిలించుకోవాలని ఉంటే అదే తీసుకోండి, నేను చెప్పానని పొద్దుటి పూటే పట్టుకు కూర్చోనక్కర్లేదు.

పిల్లల మీద అరిచిన రోజు, కోపం తగ్గాక వెళ్లి క్షమాపణ చెప్పండి. చిన్నపిల్లకు సారీ చెబితే పెద్దరికం తగ్గిపోదు. ఇక నిద్ర. రెండు మూడు వారాలైనా ఇలాగే ఉంటే, గుండె దడ, దేని మీదా మనసు పోకపోవడం లాంటివి తోడైతే, డాక్టరును కలవండి.

పెద్దయ్యాక అర్థం చేసుకుంటారా అంటే, చేసుకుంటారు. పిల్లలు మంచివాళ్లు, నాన్న కష్టపడ్డాడని తప్పకుండా అంటారు. కానీ మీకు కావాల్సింది వాళ్ల మన్నింపు కాదని మీ ఉత్తరమే చెబుతోంది. పక్క గదిలోంచి ఆ పిల్ల "నాన్నా" అని పిలవాలి, అంతే కదా.

మొదటి రోజు మీరు దువ్వెన పట్టుకుంటే "వద్దు, అమ్మ వేస్తుంది" అంటుంది. నొచ్చుకుని దువ్వెన పక్కన పెట్టి వెళ్లిపోకండి. "అమ్మలా రాదు, నువ్వు చెబుతూ ఉంటే నేర్చుకుంటాను" అని అక్కడే కూర్చోండి. పాయలు ఎలా తీయాలో ఆమే చూపిస్తుంది. ఫోన్ మాత్రం ఆ గదిలో ఉండకుండా చూసుకోండి.